సెర్బియన్ నుంచి రష్యన్‌కు: రంగం తెలిసిన దుబాసిని వెతకడం

సెర్బియాలో రష్యన్ కంపెనీలు చేసిన సాంకేతిక పనులు చాలా రంగాల్లో ఉన్నాయి. 2022 మార్చిలో బెల్‌గ్రేడ్, నోవీ సాద్ నగరాల మధ్య గంటకు 200 కిలోమీటర్ల వేగంతో రైళ్లు మొదలయ్యాయి. ఆ మార్గంలో స్తారా పజోవా నుంచి నోవీ సాద్ దాకా ఉన్న భాగాన్ని రష్యన్ రైల్వేల అనుబంధ సంస్థ ఆర్‌జెడ్‌డీ ఇంటర్నేషనల్ కట్టింది. చోర్తానోవ్‌త్సీ సొరంగం, దాని దగ్గరి దాదాపు 3 కిలోమీటర్ల వంతెన అందులోవే. పాన్చెవో చమురుశుద్ధి కర్మాగారాన్ని నడిపే ఎన్‌ఐఎస్ కంపెనీలో 51 శాతం వాటాను 2009లో గాజ్‌ప్రోమ్ నెఫ్త్ కొన్నది. డాన్యూబ్ నది మీది జెర్దాప్ జలవిద్యుత్ కేంద్రంలో పాత యంత్రాలను ఆధునికీకరించే పని సెయింట్ పీటర్స్‌బర్గ్ కంపెనీ సిలోవీయె మషీనీ చేసింది. 2021 జనవరి 1న రష్యా గ్యాస్ మోసుకొచ్చే 403 కిలోమీటర్ల పైపులైను సెర్బియాలో ప్రారంభమైంది. అదే ఏడాది బెల్‌గ్రేడ్‌లోని తొర్లాక్ సంస్థ స్పుత్నిక్ వి టీకా తయారీ చేపట్టింది.

ఇలాంటి ప్రతి పనిలోనూ ఏదో ఒక గదిలో, లేదా ఏదో ఒక గుంత పక్కన, సెర్బియన్ ఇంజనీరుకూ రష్యన్ ఇంజనీరుకూ మధ్య ఒక దుబాసి నిలబడాలి. సొరంగం పనిలో ఆరితేరిన దుబాసిని టీకా కర్మాగారానికి తీసుకెళ్తే ఆమె మొదటి గంటలోనే ఇబ్బంది పడుతుంది. అది ఆమె తప్పు కాదు, ఆమెను పిలిచినవాళ్ల తప్పు. ఈ అధ్యాయం పిలిచేవాళ్ల కోసం.

చాలామంది "రష్యన్ బాగా వచ్చిన సెర్బియన్ మనిషి ఎవరైనా ఉన్నారా" అని అడుగుతూ బయల్దేరతారు. ఆ ప్రశ్నతో బయల్దేరితే వంద పేర్లు దొరుకుతాయి, ఒక్కటీ పనికిరాదు. వెతకడానికి ముందే మీ అవసరాన్ని ఒక పేరాగా రాసి పెట్టుకోండి. "రైల్వే" అని రాస్తే సరిపోదు. పట్టాలు వేసే పనా, సిగ్నలింగా, పైన కరెంటు తీగల పనా, వంతెన పునాదులా? మాటలు జరిగేది సమావేశ గదిలోనా, యంత్రం పక్కనా? ఎవరు ఎక్కువ మాట్లాడతారు, సెర్బియన్ వైపా, రష్యన్ వైపా? కాంట్రాక్టు ఏ భాషలో ఉంది? అంతర్జాతీయ ప్రాజెక్టుల్లో తరచూ కాంట్రాక్టు ఇంగ్లీషులోనే ఉంటుంది. ఇద్దరు ఇంజనీర్లూ తమ భాషల్లో వాదించుకుంటూ ఇంగ్లీషు క్లాజు నంబర్లు చెబుతుంటారు. అలాంటప్పుడు దుబాసికి ఇంగ్లీషు చదవడం కూడా రావాలి. ఈ ప్రశ్నలకు జవాబు మీ దగ్గర లేకపోతే సైటులో ఉన్న ఇంజనీరును అడిగి రాయండి. ఈ పేరా రాయడానికి అరగంట పడుతుంది. తర్వాత వారాల వెతుకులాట తగ్గుతుంది.

ఒక పని ఒకే రంగమని కూడా అనుకోకండి. వించా అణు పరిశోధన సంస్థ సంగతి చూడండి. అక్కడి ఆర్‌ఏ రియాక్టరు సోవియట్ యూనియన్ సాయంతో 1959లో నడక మొదలుపెట్టి 1984లో ఆగిపోయింది. అందులో వాడేసిన 8,030 ఇంధన మూలకాలను 2010 చివర్లో రష్యాకు తిప్పి పంపారు. హంగరీ, స్లొవేనియాల మీదుగా కోపెర్ ఓడరేవుకు, అక్కణ్ణించి ఓడలో ముర్మాన్స్క్‌కు, ఆ తర్వాత ఉరల్ ప్రాంతంలోని మయాక్ కేంద్రానికి. ఈ ఒక్క తరలింపు గురించి మాట్లాడాలంటే అణు ఇంజనీరింగు తెలియాలి, రైలు రవాణా తెలియాలి, ఓడలో ప్రమాదకర సరుకు నియమాలు తెలియాలి, అంతర్జాతీయ అణుశక్తి సంస్థ పత్రాల ధోరణి తెలియాలి. అన్నీ తెలిసిన మనిషి దొరకడం కష్టం. మీ పని ఇలాంటిదైతే ఎజెండాను ముక్కలు చేసి, ఏ రోజుకు ఎవరు కావాలో విడివిడిగా వెతకండి.

దగ్గరి భాషలు, పెద్ద ప్రమాదాలు

సెర్బియన్, రష్యన్ రెండూ స్లావిక్ భాషలు. రెండిటికీ సిరిలిక్ లిపి ఉంది. మాటల పోలికలు ఎన్నో. అందుకే రెండు వైపులా ఒక ధీమా ఉంటుంది: "మాకు దాదాపు అర్థమవుతుంది, దుబాసి మామూలువాడైనా నడుస్తుంది." సాంకేతిక పనిలో నాకు అన్నిటికంటే భయం కలిగించే మాట ఈ "దాదాపు". చైనీస్ మాట్లాడే మనిషి ముందు కూర్చున్నప్పుడు ఎవరూ అర్థమైనట్టు తల ఊపరు. సెర్బియన్, రష్యన్ మనుషులు ఊపుతారు, ఊపి సంతకం పెడతారు.

రైలు పట్టాను సెర్బియన్‌లో షినా అంటారు. రష్యన్‌లో షినా అంటే బండి టైరు; కరెంటు పనివాళ్లకైతే బస్‌బార్. విద్యుత్తును సెర్బియన్‌లో స్త్రుయా అంటారు. రష్యన్‌లో అదే మాటకు నీటి ధార అని అర్థం. రష్యన్‌లో విద్యుత్ ప్రవాహం తోక్. సెర్బియన్‌లో తోక్ అంటే నది పారే ప్రవాహం. జెర్దాప్ లాంటి చోట నీళ్లూ కరెంటూ ఒకే వాక్యంలో వస్తాయి, అక్కడ ఈ రెండు మాటలు తారుమారైతే ఏమవుతుందో ఊహించుకోండి. ఇలాంటి జంటలను మంచి దుబాసి నిద్రలో అడిగినా చెబుతుంది. సగం వచ్చినవాళ్లు మాత్రం మాట ఒకేలా వినిపించగానే దాన్నే దాటించేస్తారు.

ఇంతకంటే లోతైన ప్రమాదం అంకెల్లో ఉంది. పాత యుగోస్లావ్ నిబంధనల అలవాటుతో సెర్బియన్ సివిల్ ఇంజనీరు కాంక్రీటు మార్కా 30 అంటాడు. అది మెగాపాస్కల్స్‌లో బలం. రష్యన్ సంప్రదాయంలోనూ మార్కా అనే మాటే ఉంది, కానీ అక్కడ లెక్క చదరపు సెంటీమీటరుకు కిలోగ్రాముల్లో. దాదాపు అదే బలమున్న కాంక్రీటును వాళ్లు మార్కా 300 అంటారు. సెర్బియన్ మనిషి చెప్పిన మార్కా 30ని ఉన్నదున్నట్టు రష్యన్‌లోకి దాటిస్తే పది రెట్లు బలహీనమైన కాంక్రీటు అవుతుంది. ఇక్కడ వ్యాకరణంలో తప్పు లేదు, ఉచ్చారణలో తప్పు లేదు. రంగం తెలియని దుబాసి ఎంత చక్కటి భాష మాట్లాడినా ఈ గోతిలో పడుతుంది. ఈరోజు సెర్బియాలో యూరోకోడ్ పద్ధతిలో సి25/30 లాంటి తరగతులు వాడుతున్నారు, రష్యాలో బి25 లాంటివి. సైటులో పెద్ద వయసు మేస్త్రీల నోట్లో మాత్రం పాత లెక్కలు ఇంకా పోలేదు.

పీడనం సంగతీ ఇంతే. సెర్బియన్ వైపు బార్‌లో మాట్లాడతారు. రష్యన్ వైపు ఒకరు మెగాపాస్కల్ అంటారు, ఇంకొకరు అట్మాస్ఫియర్ అంటారు. దుబాసి అక్కడికక్కడ లెక్క మార్చి చెప్పకూడదు. అంకెనూ కొలమానాన్నీ విన్నట్టే అప్పగించాలి; మార్కా 30లా కొలమానం చెప్పని అంకె వస్తే అది ఏ లెక్కో వక్తను అడిగి చెప్పాలి. మార్చుకోవడం ఇంజనీర్ల పని. ఇది ముందే ఒప్పందంలో రాయించండి.

కర్మాగారం నేల మీద వినిపించే భాష వేరే. సెర్బియన్ వర్క్‌షాపుల్లో జర్మన్ నుంచి వచ్చిన మాటలు నిండి ఉంటాయి. గాస్కెట్‌ను పుస్తకంలో జప్తివ్కా అని రాస్తారు, ఫిట్టరు మాత్రం దిహ్తుంగ్ అంటాడు. స్క్రూ వాళ్ల నోట్లో ష్రాఫ్. రష్యన్ ఫిట్టరుకు గాస్కెట్ ప్రొక్లాద్కా, యాంగిల్ గ్రైండరు బల్గార్కా. విశ్వవిద్యాలయంలో సాహిత్యం చదివి పట్టా తెచ్చుకున్నవాళ్లకు ఈ మాటలు పాఠ్యపుస్తకాల్లో దొరకవు. మీ పని యంత్రం పక్కన జరిగేదైతే ఈ భాష వచ్చిన మనిషే కావాలి. దాని కోసం సమావేశ గదిలో వినిపించే సొగసు కొంత తగ్గినా నేను ఒప్పుకుంటాను.

ఎక్కడ వెతకాలి

ముందు ఒక అపోహ తొలగించుకోవాలి. సెర్బియాలో సూద్‌స్కీ తుమాచ్ అనే హోదా ఉంది. అంటే కోర్టు గుర్తించిన దుబాసి. వీళ్ల జాబితా న్యాయ మంత్రిత్వ శాఖ దగ్గర ఉంటుంది, వీళ్ల ముద్ర ఉన్న అనువాదం అధికారిక పత్రంగా చెల్లుతుంది. కంపెనీ రిజిస్ట్రేషను, డిప్లొమా, పవర్ ఆఫ్ అటార్నీ, కోర్టు విచారణ, వీటికి వాళ్లే కావాలి. టర్బైన్ పక్కన మాట దాటించడానికి మాత్రం ఆ ముద్ర ఏ హామీ ఇవ్వదు. రష్యాలో ఇలాంటి ప్రమాణ దుబాసీల వ్యవస్థ లేదు. అక్కడ అనువాదకుడి సంతకాన్ని నోటరీ ధ్రువీకరిస్తాడు. కాబట్టి "నోటరీ చేసిన అనువాదం" అని రష్యన్ పక్షం అన్నప్పుడు అది సాంకేతిక నాణ్యతకు గుర్తు అని అనుకోకండి.

వృత్తి సంఘాలతో మొదలుపెట్టడం మంచిది. బెల్‌గ్రేడ్‌లో శాస్త్ర, సాంకేతిక అనువాదకుల సంఘం ఉంది, కాన్ఫరెన్స్ దుబాసీల సంఘం విడిగా ఉంది. రష్యాలో 1991లో ఏర్పడిన రష్యన్ అనువాదకుల యూనియన్ ఉంది. ఈ సంఘాలకు మీరు రాసుకున్న ఆ పేరానే పంపండి. "సెర్బియన్–రష్యన్ దుబాసి కావాలి" అని పంపితే పేర్ల పట్టిక వస్తుంది. "గ్యాస్ కంప్రెసర్ స్టేషన్ కమిషనింగ్‌కు" అని పంపితే ఎవరో ఒకరు ఆలోచించి, "ఆ పని చేసినామె ఒకరున్నారు" అంటారు.

ఏజెన్సీ ద్వారా వెళ్తే రెండు ప్రశ్నలు అడగాలి. వచ్చే మనిషి ఎవరు, ఆ మనిషితో ముందే నేను మాట్లాడవచ్చా? కుదరదంటే వేరే ఏజెన్సీ చూసుకోండి. రెండోది, వాళ్లు చూపించే సర్టిఫికెట్ ఏది? ఐఎస్ఓ 17100 లిఖిత అనువాదానికి సంబంధించిన ప్రమాణం. మౌఖిక పనికి ఐఎస్ఓ 18841 వేరేగా ఉంది. మొదటిది చూపించి రెండో పని అమ్మేవాళ్లుంటారు.

నా దృష్టిలో అన్నిటికంటే విలువైన చోటు ఇవేవీ కావు. మీ పనికి దగ్గరైన పని ఇంతకుముందు ఎక్కడ జరిగిందో కనుక్కోండి, ఆ సైటులో దుబాసిగా ఎవరు నిలబడ్డారో ఇంజనీర్లను అడగండి. యుగోస్లావియా కాలంలో ఆ దేశపు నిర్మాణ కంపెనీలు సోవియట్ యూనియన్‌లో ఎన్నో కట్టడాలు కట్టాయి. ఆ సైట్లలో ఏళ్ల తరబడి పనిచేసి రష్యన్ నేర్చుకుని తిరిగొచ్చిన సెర్బియన్ ఇంజనీర్లు, ఫోర్‌మెన్‌లు ఉన్నారు. మాస్కోలో చమురు ఇంజనీరింగుకు పేరుమోసిన గుబ్కిన్ విశ్వవిద్యాలయం లాంటి చోట్ల చదివినవాళ్లు ఉన్నారు. వీళ్లలో కొందరు రిటైరయ్యాక దుబాసి పనికి ఇష్టంగా వస్తారు. వీళ్లకు రంగం చేతిలో ఉంటుంది, కానీ దుబాసి క్రమశిక్షణ ఉండకపోవచ్చు: వక్త మాట పూర్తికాకముందే అందుకోవడం, తమ అభిప్రాయం కలపడం, "నేను వాళ్లకు సర్ది చెప్తాలెండి" అనడం. అలాంటి ఇంజనీరునూ ఒక వృత్తి దుబాసినీ జంటగా పెట్టగలిగితే అంతకంటే మంచి ఏర్పాటు లేదు. ఒకరు మాట దాటిస్తారు, ఇంకొకరు పక్కనే ఉండి పదం అందిస్తారు.

ఇలాంటి అనుభవం మన దగ్గరా ఉంది. విశాఖ ఉక్కు కర్మాగారం సోవియట్ సహకారంతో కట్టినదే. విశాఖలో రష్యన్ నిపుణులతో కలిసి పనిచేసిన తరం ఇంజనీర్లను కదిలిస్తే, రంగం తెలిసిన దుబాసికీ భాష మాత్రమే తెలిసిన దుబాసికీ తేడా ఈ అధ్యాయం కంటే బాగా చెబుతారు. రష్యన్ వస్తువుతో, రష్యన్ నిపుణులతో పనిపడే తెలుగు పాఠకులు ఇక్కడి పద్ధతిని భాషల జంట మార్చి వాడుకోవచ్చు.

మళ్లీ సెర్బియాకు వస్తే, 2022 తర్వాత చాలామంది రష్యన్లు బెల్‌గ్రేడ్, నోవీ సాద్ నగరాలకు వచ్చి స్థిరపడ్డారు. వాళ్లలో ఇంజనీర్లు, ప్రోగ్రామర్లు ఉన్నారు, సెర్బియన్ నేర్చుకున్నవాళ్లూ ఉన్నారు. దుబాసి సాధారణంగా తన మాతృభాషలోకి చెప్పేటప్పుడు బాగా చెబుతుంది; మీకు ప్రధానంగా సెర్బియన్ నుంచి రష్యన్‌కు కావాలంటే ఇది పనికొచ్చే వనరే. అయితే వాళ్ల సెర్బియన్ చెవిని పరీక్షించాలి. సెర్బియన్ ఫిట్టరు ముద్దముద్దగా, వేగంగా మాట్లాడితే పట్టుకోగలరా? లాటిన్ లిపిలో చేత్తో రాసిన నోట్సు చదవగలరా? సెర్బియన్ రెండు లిపుల్లోనూ రాస్తారు, డ్రాయింగుల మీద లాటిన్ తరచూ కనిపిస్తుంది.

డబ్బు విషయం కూడా ఇక్కడే చెప్పాలి. 2022లో కొన్ని పెద్ద రష్యన్ బ్యాంకులను స్విఫ్ట్ నుంచి తొలగించారు. 2025 జనవరిలో ఎన్‌ఐఎస్ మీద అమెరికా ఆంక్షలు ప్రకటించింది. దుబాసికి ఎవరు, ఏ దేశం నుంచి, ఏ బ్యాంకు ద్వారా చెల్లిస్తారో పని ఒప్పుకునే ముందే తేల్చండి. సెర్బియాలో నివసించి దినార్లలో బిల్లు ఇవ్వగలిగిన మనిషితో ఈ చిక్కు చాలావరకు తగ్గుతుంది.

ఇరవై నిమిషాల పరీక్ష

సీవీలు, సిఫారసు లేఖలు చదవండి, కానీ వాటిమీదే నిర్ణయం తీసుకోకండి. వీడియో కాల్‌లో 20 నిమిషాలు చాలు. దానికి మీ పక్కన ముగ్గురు కావాలి: సెర్బియన్‌లో మాట్లాడే మీ ఇంజనీరు, అభ్యర్థి, సెర్బియన్ రాని ఒక రష్యన్ ఇంజనీరు. ఆ మూడో మనిషే న్యాయమూర్తి. భాషాశాస్త్రం ఆచార్యుణ్ణి కూర్చోబెట్టకండి.

మీ ఇంజనీరు తన సొంత పని గురించి మూడు నిమిషాలు మాట్లాడాలి. చదవకూడదు, మాట్లాడాలి. అభ్యర్థి నోట్సు రాసుకుని రష్యన్‌లో చెబుతుంది. రష్యన్ ఇంజనీరు విన్నది తన మాటల్లో కాగితం మీద రాస్తాడు, అంకెలతో సహా. ఆ కాగితాన్ని మీ ఇంజనీరు చెప్పిన దానితో పోల్చండి. అంకెలు తప్పాయా, "వద్దు" అన్నది "అవసరం లేదు" అయిందా, షరతు జారిపోయిందా, ఇవే చూడాలి. ఉచ్చారణ యాసగా ఉందా అన్నది పక్కన పెట్టండి.

రెండో భాగంలో కావాలని ఒక తప్పు పెట్టండి. సెర్బియాలో రైలు గేజ్ 1435 మిల్లీమీటర్లు, రష్యాలో 1520. మీ ఇంజనీరు మాటల మధ్యలో 1453 అనాలి. భాష మాత్రమే తెలిసిన అభ్యర్థి 1453 అని దాటించి ముందుకు పోతుంది. రైల్వే తెలిసినామె ఆగి, వక్త వైపు తిరిగి, "1453 అన్నారా, 1435 అన్నారా" అని అడుగుతుంది. తనంతట తాను దిద్ది 1435 అని చెప్పేసే అభ్యర్థి కూడా ఉంటుంది. ఆమెతోనూ జాగ్రత్త, ఈసారి సరిగ్గా దిద్దింది, రేపు వక్త నిజంగా చెప్పిన అసాధారణ అంకెను కూడా దిద్దేస్తుంది. మీకు కావాల్సింది అడిగే మనిషి. అడగడానికి సిగ్గుపడనివాళ్లను, ఒక్కోసారి మాట రాకపోతే "ఈ పదం నాకు తెలియదు, వివరించండి" అనేవాళ్లను నేను అన్ని డిప్లొమాల కంటే పైన పెడతాను.

ఆఖరి ఐదు నిమిషాలు యంత్రం ఫొటో ఒకటి చూపించి భాగాల పేర్లు రెండు భాషల్లో అడగండి. అన్నీ రానక్కర్లేదు. రానివాటిని ఎలా వెతుకుతుందో, ఎక్కడ వెతుకుతుందో అడగండి. రష్యన్ గోస్త్ ప్రమాణాలు, సెర్బియన్ ఎస్ఆర్‌పీఎస్ ప్రమాణాలు రెండూ తెరిచి పదాన్ని పోల్చుకుంటానని చెప్పేవాళ్లు పని తెలిసినవాళ్లు. నిఘంటువు చూస్తానని మాత్రమే చెప్పేవాళ్లతో ఇంకో ప్రశ్న వేసి చూడండి.

మనిషి దొరికాక

ఇక్కణ్ణించి బాధ్యత మీది. సమావేశానికి కనీసం రెండు వారాల ముందు డ్రాయింగులు, పాత సమావేశాల మినిట్స్, స్లైడ్లు, మాట్లాడేవాళ్ల పేర్లు, హోదాలు పంపండి. రహస్యమైన కాగితాలైతే ముందు గోప్యతా ఒప్పందం మీద సంతకం చేయించి పంపండి, పంపకుండా మాత్రం ఉండకండి. పదకోశం ఆమెతో తయారు చేయించి, రెండు వైపుల ఇంజనీర్లకు ఒకసారి చూపించుకోమనండి. ఆ సన్నాహానికి విడిగా డబ్బివ్వండి; అది పనిలో భాగం.

ఒకేసారి వింటూ చెప్పే సైమల్టేనియస్ పద్ధతిలో 20, 30 నిమిషాలకొకసారి మనిషి మారాలి, కాబట్టి ఇద్దరు తప్పనిసరి. వక్త ఆగాక చెప్పే పద్ధతిలో కూడా రోజంతా అంటే ఇద్దరిని పెట్టండి. అలసిన దుబాసి ముందు మరిచిపోయేది అంకెలనే. సైటులో హెల్మెట్, బూట్లు, భద్రతా శిక్షణ జాబితాలో ఆమె పేరు ఉండాలి. కంప్రెసర్ పక్కన అరవకుండా వినిపించడానికి గైడ్‌లు వాడే చిన్న వైర్‌లెస్ సెట్లు అద్దెకు దొరుకుతాయి. ధర గురించి బేరమాడే చర్చల్లో, వివాదాల్లో మాత్రం రెండు పక్షాలూ ఎవరి దుబాసిని వాళ్లు తెచ్చుకోవడమే సరైన పద్ధతి.

సమావేశం ముగిసిన రోజు సాయంత్రమే రెండు భాషల్లో మినిట్స్ రాయించి సంతకాలు తీసుకోండి. అంకెలన్నీ బోర్డు మీద రాయించిన ఫొటో కూడా దానికి జతచేయండి. మార్కా 30 లాంటి పొరపాటు దొరికే చివరి చోటు అదే.

ప్రాజెక్టు ఖర్చుల పట్టిక తయారు చేసేటప్పుడు దుబాసికి ఒక వరుస మొదటి రోజే కేటాయించండి, పంపులకూ కేబుళ్లకూ కేటాయించినట్టే. సమావేశం తేదీ ఖాయమయ్యాక వెతకడం మొదలుపెడితే ఖాళీగా ఉన్నవాళ్లే దొరుకుతారు. మీ రంగం తెలిసినవాళ్లు అప్పటికే ఇంకొకరి సైటులో పనిలో ఉంటారు.